ఎయిర్‌లైన్ క్రెడిట్ కార్డుకి రెండో ఏడాది ఫీజు కట్టాలా, వదిలేయాలా?

కిటికీసీటు

నా దగ్గర ఒక ఎయిర్‌లైన్ పేరుతో వచ్చే క్రెడిట్ కార్డు ఉంది. దాంతో ఖర్చు పెట్టినకొద్దీ మైల్స్ అనే పాయింట్లు పడతాయి, వాటితో విమానం టికెట్ తీసుకోవచ్చు. మొదటి ఏడాది ఫీజు లేదన్నారని తీసుకున్నాను. వచ్చే నెల నుంచి యాన్యువల్ ఫీజు మొదలవుతుంది. ఏడాదిలో మూడు నాలుగు సార్లు విమానం ఎక్కుతాం, అందులో ఒకటి పిల్లలతో. బిల్లు ప్రతి నెలా పూర్తిగా కట్టేస్తాను, బాకీ ఉంచే అలవాటు లేదు. మా ఆవిడేమో "మైల్స్ ఊరికే వస్తున్నాయిగా, ఉంచుకుందాం" అంటుంది. ఆఫీసులో ఒకాయన "అదంతా గారడీ, క్యాష్‌బ్యాక్ కార్డు తీసుకో" అని రోజూ చెవిలో జోరీగ. ఇద్దరిలో ఎవరూ కాగితం మీద లెక్క వేసి చూపించలేదు. తెలిసినవాళ్లు చెప్పండి.

పద్దులరావు

ముందు ఆ "ఊరికే" అనే మాట పక్కన పెట్టండి. ఈ కార్డు గీకిన ప్రతిసారీ క్యాష్‌బ్యాక్ కార్డు గీకలేదన్నమాట. అలా వదులుకున్న డబ్బే మైల్స్ కోసం మీరు పెట్టిన ఖరీదు.

అమెరికా కార్డుల పద్ధతిలో చూద్దాం, లెక్క తేలిక. మామూలు ఖర్చుల మీద డాలర్‌కి ఒక మైలు. 20,000 మైల్స్ పోగవ్వాలంటే 20,000 డాలర్లు ఖర్చు పెట్టాలి. అదే ఖర్చుకి 2 శాతం క్యాష్‌బ్యాక్ కార్డు వాడితే 400 డాలర్లు చేతికొచ్చేవి. ఇప్పుడు ఆ మైల్స్‌తో ఒక టికెట్ తీసుకున్నారు. డబ్బు పెట్టి కొంటే దాని ధర 350 అనుకోండి. మైల్స్ టికెట్ అయినా పన్నులు, ఫీజులు మనమే కట్టాలి, అవి ఒక 40. మిగిలింది 310. అంటే 400 వదులుకుని 310 మిగుల్చుకున్నాం. యాన్యువల్ ఫీజు ఇంకా లెక్కలోకే రాలేదు. పైగా డబ్బు పెట్టి కొన్న టికెట్ మీద మళ్లీ మైల్స్ పడతాయి, మైల్స్‌తో తీసుకున్న టికెట్ మీద సాధారణంగా పడవు.

టికెట్ ధరలోంచి మీరు చేతి నుంచి కట్టిన పన్నులు తీసేసి, మిగిలినదాన్ని వాడిన మైల్స్‌తో భాగించండి. పై ఉదాహరణలో మైలుకి ఒకటిన్నర సెంటు వచ్చింది. అవతల క్యాష్‌బ్యాక్ రెండు సెంట్లు. మీరు వెళ్లే రూట్ ఒకటి తీసుకుని, మీరు వెళ్లే తేదీలకే ఈ లెక్క వేసి చూడండి. కంపెనీ ప్రకటనలో చూపించే రూట్‌కి వేస్తే ఎప్పుడూ బాగానే కనిపిస్తుంది.

బోర్డింగ్‌పాస్

రావుగారూ, లెక్క బాగుంది గానీ మీకు అనుకూలమైన చోట ఆపేశారు. ఎయిర్‌లైన్ కార్డుతో కరెంటు బిల్లు కట్టమని ఎవరు చెప్పారు? ఆ ఎయిర్‌లైన్ టికెట్లకే వాడితే మైల్స్ రెట్టింపు, కొన్ని కార్డుల్లో అంతకన్నా ఎక్కువ. మిగతా ఖర్చులకి క్యాష్‌బ్యాక్ కార్డు వాడుకోండి, ఎవరు కాదన్నారు.

నా ఉద్దేశంలో ఫీజు వసూలయ్యేది మైల్స్ మీద కాదు, బ్యాగుల మీద. చెకిన్ బ్యాగుకి విడిగా డబ్బు తీసుకునే ఎయిర్‌లైన్‌లో నలుగురు వెళ్లి వస్తే, తలా ఒక బ్యాగు వేసుకున్నా రానూపోనూ ఎనిమిది సార్లు ఛార్జీ. అమెరికాలో డెల్టా ఎయిర్‌లైన్ ఇచ్చే డెల్టా గోల్డ్ లాంటి కార్డు ఉంటే ఒకే బుకింగ్‌లో ఉన్న మరో ఎనిమిది మందికి కూడా మొదటి బ్యాగు ఫ్రీ. పిల్లలతో ఒక్క ట్రిప్పు వెళ్తే ఫీజు తిరిగొచ్చినట్టే.

పద్దులరావు

బ్యాగుల సంగతి ఒప్పుకుంటాను. కానీ షరతులు చదవాలి. యునైటెడ్ అనే ఇంకో అమెరికా ఎయిర్‌లైన్ కార్డు ఎక్స్‌ప్లోరర్‌లో అయితే కార్డు ఉన్నవాళ్లకీ, తోడుగా ఒక్కరికీ మాత్రమే. అదీ టికెట్ ఆ కార్డుతోనే కొంటే. నలుగురున్న ఇంటికి సగమే పని చేస్తుంది. బ్యాగు ఛార్జీ టికెట్‌లోనే కలిపి ఉండే ఎయిర్‌లైన్ అయితే ఈ లాభం సున్నా.

నిమ్మళం

అడిగినాయన బాకీ ఉంచరు కాబట్టి ఇది ఆయనకి కాదు, చదివే మిగతావాళ్లకి. రివార్డ్ కార్డుల మీద వడ్డీ చాలా చోట్ల ఏడాదికి 20 శాతం పైనే. మైల్స్ ఇచ్చేది ఒకటి, రెండు శాతం. మినిమమ్ డ్యూ కట్టుకుంటూ పోయేవాళ్లకి ఈ చర్చ మొత్తం అనవసరం, ఏ మైల్స్ కార్డూ వద్దు.

పాతమైలు

అందరూ మైలు విలువ ఈ రోజు ఎంత అని చూస్తున్నారు. వాడే రోజుకి ఎంత ఉంటుందో ఎవరి చేతిలో ఉంది? ఎయిర్‌లైన్ చేతిలో.

1981లో అమెరికన్ ఎయిర్‌లైన్స్ అడ్వాంటేజ్ అనే మైల్స్ ప్రోగ్రామ్ మొదలుపెట్టినప్పుడు మైలు అంటే నిజంగా గాల్లో ఎగిరిన మైలు. 2015లో డెల్టా, యునైటెడ్, ఆ మరుసటి ఏడాది అమెరికన్, ఎంత దూరం ఎగిరామన్నది వదిలేసి టికెట్‌కి ఎంత డబ్బు పెట్టామన్నది చూసి మైల్స్ ఇవ్వడం మొదలుపెట్టాయి. ఆ 2015లోనే డెల్టా, ఏ రూట్‌కి ఎన్ని మైల్స్ కావాలో చెప్పే పట్టికను సైట్‌లోంచి తీసేసింది. 2019లో యునైటెడ్ కూడా తన విమానాలకి అదే పని చేసింది. పట్టిక ఉన్నప్పుడు "ఇంకో ఐదు వేల మైల్స్ వస్తే ఫలానా చోటికి టికెట్ వస్తుంది" అని చూసుకుని దాచుకునేవాళ్లం. ఇప్పుడు టికెట్ ధర పెరిగితే కావలసిన మైల్స్ కూడా పెరుగుతాయి. పండగ రోజుల్లో, స్కూళ్ల సెలవుల్లో చూస్తే గుడ్లు తేలేయాల్సిందే. పట్టిక ఇంకా ఉంచిన ఎయిర్‌లైన్స్‌లో ఇంకో తంటా. మైల్స్‌కి ఇచ్చే సీట్లు విమానానికి ఏ రెండో నాలుగో. అంగట్లో అన్నీ ఉన్నా అల్లుడి నోట్లో శని.

ఎక్స్‌పైరీ ఎలాగూ ఉంది. సింగపూర్ ఎయిర్‌లైన్స్ క్రిస్‌ఫ్లయర్ మైల్స్‌కి మూడేళ్లే గడువు. డెల్టా, యునైటెడ్ గడువు తీసేశాయి, అది మంచిదే. కానీ కంపెనీయే మూతపడితే? 2017లో ఎయిర్ బెర్లిన్ దివాలా తీస్తే, దాని టాప్‌బోనస్ ప్రోగ్రామ్ కూడా వెనకాలే దివాలా తీసింది. మైల్స్ దాచుకున్నవాళ్లు వాటిని వాడుకోలేకపోయారు. అందుకే నేను మైల్స్ దాచను. టికెట్‌కి సరిపడా అవ్వగానే వాడేస్తాను.

బోర్డింగ్‌పాస్

పాతమైలు అన్నా, వాడేయమన్న మాట వరకు నూటికి నూరు పాళ్లు కరెక్ట్. కానీ మైల్స్‌లో అసలు మజా ఎకానమీలో లేదు. సుదూర ప్రయాణానికి బిజినెస్ క్లాస్ టికెట్ 4,000 డాలర్లు ఉన్న చోట, 70,000 మైల్స్, 200 డాలర్ల పన్నులతో దొరికితే మైలుకి ఐదు సెంట్ల పైనే. ఏ క్యాష్‌బ్యాక్ కార్డూ దాని దరిదాపుల్లోకి రాదు. కొంచెం తేదీలు అటూ ఇటూ జరుపుకోగలిగితే ఇలాంటివి దొరుకుతాయి. నేను పడుకుని వెళ్లాను, అనుభవం మీద చెబుతున్నా.

మధ్యసీటు

ఇన్నాళ్లూ చదవడమే గానీ రాయలేదు. ఈ "ఐదు సెంట్ల" లెక్క చూసి ఆగలేకపోయా.

బోర్డింగ్‌పాస్ గారూ, మైల్స్ లేకపోతే ఆ సీటుకి మీరు 4,000 డాలర్లు పెట్టేవారా? పెట్టేవాళ్లయితే మీరు నిజంగా 3,800 మిగుల్చుకున్నారు, నేను నోరు మూసుకుంటాను. పెట్టేవారు కాదు, మామూలుగా అయితే 900 పెట్టి ఎకానమీలో వెళ్లేవారు అంటే, మీ జేబులో మిగిలింది 700 మాత్రమే. మైలుకి ఒక సెంటు. మిగతాదంతా సుఖం. సుఖానికి విలువ లేదనను, కానీ ఆ విలువ ఎంతో మీరు లెక్కకట్టాలి, ఎయిర్‌లైన్ పెట్టిన ధర కాదు. రాత్రంతా నడుం వాల్చుకుని వెళ్లడానికి మీరు మనస్ఫూర్తిగా ఇంకో 500 ఇస్తారనుకుందాం. అప్పుడు 700కి 500 కలిపి, 1,200ని 70,000తో భాగించండి. మైలుకి 1.7 సెంట్లు. మళ్లీ రావుగారి రెండు సెంట్ల కిందకే వచ్చి కూర్చున్నాం.

పన్నులు 200 అన్నారు. అందరూ అలా ఉండరు. బ్రిటిష్ ఎయిర్‌వేస్ లాంటివి దూరపు బిజినెస్ క్లాస్ మీద, మైల్స్ టికెట్ అయినా సరే, సర్‌ఛార్జీ గట్టిగానే వడ్డిస్తాయి.

బోర్డింగ్‌పాస్

సరే, 4,000 పెట్టను. కానీ అదే 70,000 డాలర్ల ఖర్చు మీద 2 శాతం క్యాష్‌బ్యాక్‌గా వచ్చిన 1,400 డాలర్లు నా ఖాతాలో పడితే అవి ఇంటి ఖర్చుల్లో కలిసిపోతాయి, బిజినెస్ క్లాస్ టికెట్‌గా ఎప్పటికీ మారవు. మైల్స్ అలా కరిగిపోవు. మీరు దాన్ని లెక్క కాదంటారు, నేను అవునంటాను.

మధ్యసీటు

ఇది మాత్రం ఒప్పుకోదగ్గ వాదన. లెక్కల పుస్తకంలో ఉండదు, ఇళ్లల్లో ఉంటుంది.

పద్దులరావు

పాతమైలు గారు చెప్పినదానికి ఒక మాట కలుపుతాను. ఈ కార్డులు ఎయిర్‌లైన్స్‌కి ఎంత ముఖ్యమో చూడండి. కోవిడ్‌తో విమానాలు ఆగిపోయిన 2020లో యునైటెడ్ తన మైలేజ్‌ప్లస్ ప్రోగ్రామ్‌ని తాకట్టు పెట్టి అప్పు తెచ్చుకుంది. అప్పుడు ఆ ప్రోగ్రామ్ విలువ దాదాపు 22 బిలియన్ డాలర్లని కట్టారు. షేర్ మార్కెట్లో ఆ కంపెనీ మొత్తం విలువ కన్నా అది ఎక్కువ! 2023లో డెల్టాకి, దాని కార్డులు ఇచ్చే అమెరికన్ ఎక్స్‌ప్రెస్ నుంచి వచ్చింది దాదాపు 6.8 బిలియన్లు. బ్యాంకు మైల్స్ కొంటుంది, మనకి పంచుతుంది. ఆ డబ్బులో పెద్ద భాగం దుకాణదారు కట్టే ఫీజులోంచీ, నిమ్మళం గారు చెప్పిన వడ్డీలోంచీ వస్తుంది. యూరోపియన్ యూనియన్‌లో 2015లో క్రెడిట్ కార్డు ఇంటర్‌చేంజ్ ఫీజుకి, అంటే దుకాణదారు కట్టే ఫీజులో కార్డు ఇచ్చిన బ్యాంకుకి వెళ్లే భాగానికి, 0.3 శాతం పరిమితి పెట్టారు. అందుకే అక్కడి కార్డుల రివార్డులు అమెరికావాటి పక్కన వెలవెలబోతాయి. ఎవరో యూట్యూబ్‌లో అమెరికా కార్డు చూపించి ఊరిస్తే, మీ దేశం కార్డుకి ఆ లెక్క పనికిరాదు.

కిటికీసీటు

అందరికీ థ్యాంక్స్. కొన్ని వివరాలు ముందే చెప్పాల్సింది. పిల్లలతో వెళ్లేది స్కూల్ సెలవుల్లోనే, తేదీలు మార్చుకునే వీల్లేదు. మిగతా ప్రయాణాలకి ఏ ఎయిర్‌లైన్ చవగ్గా ఉంటే అది. బ్యాగులు చెకిన్ చేసేది పిల్లలతో వెళ్లినప్పుడే, అప్పుడు కూడా ఈ ఎయిర్‌లైన్ అవ్వొచ్చు, కాకపోవచ్చు. కార్డు లాంజ్ ఇస్తుంది గానీ నేను ఎయిర్‌పోర్టుకి ఎప్పుడూ ఆఖరి నిమిషంలో పరిగెత్తే రకం.

బోర్డింగ్‌పాస్

అయితే నేనే చెబుతున్నా, తీసేయండి. తేదీ మారదు, ఎయిర్‌లైన్ మారుతుంది. ఈ కార్డు సరిగ్గా దానికి ఎదురు అలవాట్లు ఉన్నవాళ్ల కోసం. మైల్స్ మీద మోజు పోకపోతే, చాలా ఎయిర్‌లైన్స్‌కి పాయింట్లు మార్చుకోనిచ్చే బ్యాంకు కార్డు చూడండి.

కిటికీసీటు

మరి ఇప్పటిదాకా పోగైన మైల్స్ కార్డు మూసేస్తే పోతాయా?

పాతమైలు

ఎయిర్‌లైన్ పేరు మీద ఉన్న కార్డు అయితే మైల్స్ నెలనెలా మీ ఎయిర్‌లైన్ అకౌంట్‌లోకి వెళ్లిపోతాయి, కార్డు మూసినా అక్కడే ఉంటాయి. చివరి స్టేట్‌మెంట్ మైల్స్ పడ్డాయో లేదో చూసుకుని అప్పుడు ఫోన్ చేయండి. బ్యాంకు సొంత పాయింట్ల కార్డు అయితే కథ వేరు, వాడకుండా మూస్తే చాలావరకు పోయినట్టే. ఇంకొకటి, కొన్ని ప్రోగ్రాముల్లో కార్డు ఉన్నంతకాలమే గడువు నుంచి మినహాయింపు. అమెరికన్ ఎయిర్‌లైన్స్‌లో కార్డు లేనివాళ్లకి 24 నెలలు ఏ కదలికా లేకపోతే మైల్స్ పోతాయి. మూసేయమని చెప్పే ముందు ఫీజు లేని రకానికి మారుస్తారేమో అడగండి. ఒక్కోసారి వాళ్లే ఫీజు మాఫీ చేస్తామంటారు, అప్పుడు ఇంకో ఏడాది ఉంచుకోవడానికి అభ్యంతరం ఏముంది.