రాత్రి భోజనం మానేసినా పరగడుపు షుగర్ ఎందుకు పెరుగుతోంది?

డైట్_చార్టు
తరచూ ఎదురయ్యే లెక్క ఇది. వయసు 52, బరువు 72 కిలోలు, షుగర్ మాత్ర మెట్‌ఫార్మిన్ 500 పొద్దునా రాత్రీ. గ్లూకోమీటర్‌లో పడుకునే ముందు 124, పొద్దున ఆరున్నరకి పరగడుపున 156. రాత్రి తిన్న రెండు పుల్కాల వల్లే అనుకుని మర్నాడు అవీ మానేస్తే పడుకునే ముందు 119, తెల్లారి 161. టిఫిన్ తిన్న రెండు గంటలకి మాత్రం 172. అంటే తిన్నాక పెరిగింది 11, తినకుండా పడుకుంటే పెరిగింది 42!
తిండి పడితే క్లోమం ఇన్సులిన్ వదులుతుంది, తిండి లేకపోతే షుగర్ దానంతటదే తగ్గుతుంది అని అందరికీ చెప్తుంటాం. ఆ మాట ఇక్కడ నిలబడటం లేదు. ఖాళీ కడుపుతో పడుకున్న మనిషి రక్తంలోకి ఈ గ్లూకోజ్ ఎక్కణ్ణుంచి వస్తోంది? ఇందులో ఇన్సులిన్ వాటా ఎంత, షుగర్‌ని పెంచే హార్మోన్ గ్లూకగాన్ వాటా ఎంత? పేషెంట్‌కి అర్థమయ్యేలా చెప్పాలి.

ఫిజియాలజీ_పాఠం
లివర్ నుంచి వస్తోందండీ. ముందు ఒక కొలత చూడండి. ఒంట్లో రక్తం ఐదు లీటర్లు, షుగర్ 90 (అంటే 100 మిల్లీలీటర్లకి 90 మిల్లీగ్రాములు) అనుకుంటే, రక్తంలో ఉన్న మొత్తం గ్లూకోజ్ నాలుగున్నర గ్రాములే. ఒక టీ చెంచాడు పంచదార. మెదడు ఒక్కటే గంటకి సుమారు 5 గ్రాములు వాడుకుంటుంది. వెనక నుంచి ఎవరూ పోయకపోతే ఆ చెంచాడు ఎంతసేపని?

అందుకే మనం నిద్రపోతున్నంతసేపూ లివర్ పోస్తూనే ఉంటుంది. కిలో బరువుకి నిమిషానికి సుమారు 2 మిల్లీగ్రాములు. 72 కిలోల మనిషికి గంటకి దాదాపు 8.6 గ్రాములు, ఎనిమిది గంటలకి 69 గ్రాములు. ఆయన మానేసినవి రెండు పుల్కాలు, లివర్ వడ్డించింది నాలుగైదు పుల్కాల పిండిపదార్థం! ఆరోగ్యంగా ఉన్నవాళ్లలో పోసినంతా ఖర్చయిపోతుంది కాబట్టి షుగర్ కదలదు. మధుమేహంలో లివర్ పోత ఖర్చుని మించుతుంది.

ఈ కుళాయిని తిప్పే చేతులు రెండు, రెండూ క్లోమంలోనివే. 1869లో లాంగర్‌హాన్స్ గుర్తించిన కణ దీవులు క్లోమం బరువులో 1–2 శాతమే. వాటిలో బీటా కణాలు ఇన్సులిన్, ఆల్ఫా కణాలు గ్లూకగాన్ చేస్తాయి. ఈ రెండూ ముందు పోర్టల్ సిరలోంచి నేరుగా లివర్‌కే వెళ్తాయి. వచ్చిన ఇన్సులిన్‌లో దాదాపు సగాన్ని లివరే పట్టుకుంటుంది, మిగిలిందే కండరాలకి.

మీరు చెప్పే మాటలో సవరించాల్సింది ఇదే. ఇన్సులిన్ తిండికి మాత్రమే రాదు. రోజు మొత్తంలో సుమారు సగం తిండితో పనిలేకుండా సన్నధారగా వస్తూనే ఉంటుంది. రాత్రిపూట దాని ముఖ్యమైన పని గ్లూకోజ్‌ని కండరాల్లోకి తోయడం కాదు, లివర్ కుళాయిని బిగించి పట్టుకోవడం. పక్కనే ఉన్న ఆల్ఫా కణం నోరు మూయించడం కూడా. ఆ ధార చాలకపోయినా, కొవ్వు పట్టిన లివర్ దాని మాట వినకపోయినా గ్లూకగాన్‌దే పైచేయి. అది లివర్‌లో దాచిన గ్లైకోజెన్‌ని (గ్లూకోజ్ నిల్వని) విరగ్గొట్టిస్తుంది, లాక్టేట్ నుంచీ అమినో ఆమ్లాల నుంచీ కొత్త గ్లూకోజ్ చేయిస్తుంది. కండరాల్లో గ్లైకోజెన్ ఇంకా ఎక్కువే ఉంటుంది గానీ దాన్ని రక్తంలోకి వదిలే ఎంజైమ్ వాటికి లేదు.

తెల్లవారుజామున గ్రోత్ హార్మోన్, కార్టిసాల్ ప్రభావం తోడవుతుంది. మామూలు మనిషిలో బీటా కణాలు ఇంకాస్త ఇన్సులిన్ వదిలి సరిపెడతాయి. ఇక్కడ ఆ కాస్తే లేదు. భోజనం మానేసినంత మాత్రాన కుళాయి కట్టుబడదు. టిఫిన్ తిన్నాక ఇన్సులిన్ పెరిగి కుళాయి కొంత బిగుస్తుంది, అందుకే 11 మాత్రమే పెరిగింది.

ల్యాబ్_బెంచి
పై వివరణ సరే. కానీ 156, 161 మధ్య తేడా ఉందనుకోవడమే పొరపాటు. గ్లూకోమీటర్లకి ప్రమాణం 100 పైన 15 శాతం అటూ ఇటూ. ఆ లెక్కన ఆ రెండు అంకెలూ ఒకటే. తిండి మానేస్తే పెరిగిందని దీన్నిబట్టి చెప్పలేం, మానేసినా తగ్గలేదని మాత్రం చెప్పొచ్చు. 172 కూడా అంతే, పెరిగింది కచ్చితంగా 11 అని రాసుకోకండి.

చెయ్యాల్సిన పరీక్ష: మూడు రాత్రులు, ఒక్కో రాత్రి మూడుసార్లు. పడుకునే ముందు, తెల్లవారుజామున 3కి, లేవగానే. చేతులు సబ్బుతో కడిగి పూర్తిగా తుడవాలి. మామిడిపండు ఒలిచిన వేలితో చూస్తే ఎంతైనా రావచ్చు. స్ట్రిప్పుల డబ్బా మూత వెంటనే బిగించాలి, వానాకాలం చెమ్మకి అవి పాడవుతాయి.

మూడింటికి పడుకునేముందు అంకే ఉండి, లేచేసరికి పెరిగితే అది తెల్లవారుజాము పెరుగుదల. పడుకునేముందే 180 ఉండి అలాగే తెల్లారితే రాత్రి భోజనం వేళ, పరిమాణం చూడాలి. మూడింటికి 70 కన్నా తక్కువుంటే కథ వేరు. మందు పెంచడం కాదు, తగ్గించాల్సి రావచ్చు, డాక్టర్‌కి ఆ రోజే చెప్పాలి.

ల్యాబ్ రిపోర్టుతో పోల్చేటప్పుడు ఇంకోటి. శాంపిల్‌ని బూడిదరంగు మూత ఫ్లోరైడ్ ట్యూబ్‌లో తీసుకోవాలి. మామూలు ట్యూబ్‌లో అలా వదిలేస్తే రక్తకణాలే గంటకి 5–7 శాతం గ్లూకోజ్ తినేస్తాయి. అప్పుడు రిపోర్టు తక్కువ చూపించి అందరూ సంతోషిస్తారు.

డైట్_చార్టు
ఇద్దరికీ థ్యాంక్స్ అండి. 3 గంటల రీడింగ్ మొదలుపెట్టిస్తాను. పరగడుపు ఎక్కువుందని రాత్రికి గ్లిమెపిరైడ్ (ఇన్సులిన్‌ని వదిలించే మాత్ర) కలపమని కొందరు అడుగుతున్నారు. అది లివర్ మీద పనిచేస్తుందా?

మందుల_చీటీ
నేరుగా కాదు, బీటా కణం ద్వారా. ఆ కణం లోపల జరిగేది చూస్తే షుగర్ మరీ పడిపోతుందన్న భయం ఎందుకో తెలుస్తుంది. గ్లూకోజ్ కణంలోకి వెళ్లి కాలితే ఏటీపీ (కణానికి శక్తినిచ్చే అణువు) పెరుగుతుంది. ఏటీపీ పెరిగితే పొటాషియం బయటికి పోయే తలుపు మూసుకుంటుంది, కణం పొర మీద విద్యుత్తు మారుతుంది, కాల్షియం లోపలికి దూకుతుంది, ఇన్సులిన్ సంచులు పగులుతాయి. షుగర్ తక్కువుంటే మొదటి మెట్టే ఉండదు కాబట్టి ఇన్సులిన్ రాదు. గ్లిమెపిరైడ్ ఆ పొటాషియం తలుపుని తానే మూసేస్తుంది, గ్లూకోజ్ ఎంతుందో చూడదు. భోజనం మానేసే అలవాటున్న మనిషికి అది రాత్రికి ఇస్తే ఏమవుతుందో ఊహించుకోండి. గ్లిప్టిన్లనే ఇంకో రకం షుగర్ మాత్రలు అలా కాదు. పేగు నుంచి వచ్చే హార్మోన్ జీఎల్‌పీ-1ని నిలబెడతాయి, షుగర్ ఎక్కువున్నప్పుడే ఇన్సులిన్‌ని పెంచి గ్లూకగాన్‌ని తగ్గిస్తాయి. మెట్‌ఫార్మిన్ ముఖ్యంగా లివర్ పోతని తగ్గిస్తుంది, ఇక్కడ డాక్టర్ ముందు చూసేది దాని మోతాదే కావచ్చు. మీ చేతిలో ఉన్నవి మూడు: భోజనం ఎనిమిదిలోపు ముగించడం, తిన్నాక పావుగంట నడక, లివర్ కొవ్వు కరిగేలా బరువు తగ్గడం.

గ్లిమెపిరైడ్ వాడుతున్నవాళ్లకి షుగర్ 70 కన్నా కిందికి పడితే 15 గ్రాముల గ్లూకోజ్ నీళ్లలో కలిపి తాగించి, 15 నిమిషాలకి మళ్లీ చూడాలి. వోగ్లిబోస్ అనే షుగర్ మాత్ర కూడా వాడుతుంటే పంచదార పనికిరాదు, దాన్ని విడగొట్టే ఎంజైమ్‌నే ఆ మందు ఆపుతుంది. గ్లూకోజ్ పొడే కావాలి. స్పృహ లేనివాళ్ల నోట్లో ఏమీ పోయకూడదు. గ్లిమెపిరైడ్‌తో పడిన షుగర్ లేచాక మళ్లీ పడొచ్చు, కాబట్టి ఆస్పత్రిలో ఒకరోజు కనిపెట్టుకుని ఉండాల్సి రావచ్చు.

ఫిజియాలజీ_పాఠం
ఒక్క చేర్పు. స్పృహ తప్పినవాళ్లకి 1 మిల్లీగ్రాము గ్లూకగాన్ ఇంజెక్షన్ ఉంది, కానీ అది లివర్‌లో గ్లైకోజెన్ నిల్వ ఉంటేనే పనిచేస్తుంది. రోజంతా ఉపవాసం ఉన్నవాళ్లలోనూ, పరగడుపున మద్యం తాగినవాళ్లలోనూ ఇచ్చినా షుగర్ లేవకపోవచ్చు. మద్యం లివర్‌లో కొత్త గ్లూకోజ్ తయారీనే అడ్డుకుంటుంది. అక్కడ సెలైన్‌లో డెక్స్‌ట్రోజ్ (గ్లూకోజ్) ఎక్కించడమే దారి.

క్లోమంలో రాళ్లు పడి మధుమేహం వచ్చినవాళ్లు దక్షిణాదిలో కనిపిస్తుంటారు. వాళ్లలో బీటాతో పాటు ఆల్ఫా కణాలూ దెబ్బతింటాయి, గ్లూకగాన్ కూడా తక్కువే. ఇన్సులిన్ కాస్త ఎక్కువైనా పైకి లేపే చెయ్యి లేదు. వాళ్ల పరగడుపు లక్ష్యాన్ని మీ చార్టులో కాస్త వదులుగా పెట్టమని డాక్టర్‌తో మాట్లాడండి.