ఆయిల్ ఫిల్టర్ ఏ బ్రాండ్ వేయించాలి? పొద్దున స్టార్ట్ చేస్తే టకటక సౌండ్ వస్తోంది

బెజవాడ_స్విఫ్ట్

అందరికీ నమస్కారం. నాది 2016 స్విఫ్ట్ పెట్రోల్, సెకండ్ హ్యాండ్ లో తీసుకున్నా, ఇప్పుడు 78 వేలు తిరిగింది. వారంటీ ఎప్పుడో అయిపోయింది కాబట్టి షోరూమ్ కి వెళ్ళడం మానేసి మా ఇంటి దగ్గర షెడ్డులోనే ఆయిల్ మార్పిస్తున్నా. పోయినసారి ఆయిల్ నేనే కొనిచ్చాను, ఫిల్టర్ మాత్రం మెకానిక్ పక్క షాపు నుంచి కుర్రాడితో తెప్పించి వేసేశాడు, ఏ కంపెనీదో కూడా నేను చూడలేదు. అప్పట్నుంచి రెండు వేల కిలోమీటర్లు తిరిగిందో లేదో, పొద్దున్నే మొదటిసారి స్టార్ట్ చేసినప్పుడు ఒకటి రెండు సెకన్లు టకటకమని సౌండ్ వస్తోంది, ఎర్ర ఆయిల్ లైట్ కూడా ఇంతకుముందు ఇట్టే పోయేది, ఇప్పుడు కాస్త ఆగి పోతోంది. తర్వాత రోజంతా ఏమీ ఉండదు, మామూలే. మెకానిక్ ని అడిగితే పాత బండి కదండీ అలాగే ఉంటుంది అంటున్నాడు, నాకు మనసు ఒప్పట్లేదు.

బాష్, ప్యూరోలేటర్, మాలే, ఎలోఫిక్, మారుతీ జెన్యూన్ ఇన్ని పేర్లు కనిపిస్తున్నాయి, వీటిలో ఏది నమ్మొచ్చు? అసలు ఫిల్టర్ వల్ల ఈ సౌండ్ వస్తుందా? ప్రతి శనివారం పిల్లల్ని తీసుకుని అమలాపురం వెళ్ళొస్తాం, దారిలో ఆగిపోకూడదనే నా బాధంతా.

హైదరాబాదీ_వ్యాగనార్

అన్నా నేనైతే ఒక్కటే చెప్తా, మారుతీ బండికి మారుతీ జెన్యూన్ ఫిల్టరే వెయ్యి. ఎందుకంటే అది చాలా తక్కువ రేటు, నేను కొన్నప్పుడల్లా రెండొందల లోపే అయింది. మూడు లీటర్ల పైన మంచి ఆయిల్ పోస్తున్నాం, దానికి వేలల్లో పెడ్తున్నాం, ఫిల్టర్ కాడికి వచ్చేసరికి యాభై రూపాయలు మిగిలిద్దామని చూసుడు కరెక్ట్ కాదు.

కానీ అసలు సమస్య బ్రాండ్ కాదన్నా, డూప్లికేట్. నేను ఒకసారి ఆన్లైన్ లో సగం రేటుకి వస్తుందని రెండు ఫిల్టర్లు తెప్పించిన, అమ్మినోడి పేరు చెప్పను గానీ డబ్బా చూస్తే అచ్చం కంపెనీ డబ్బానే. ఒకటి వేయించేసిన తర్వాత రెండోది తీసి చేతిలో పట్టుకుంటే ఏదో తేడా అనిపించింది, రాణీగంజ్ పోయి తెలిసిన షాపులో ఒరిజినల్ ఒకటి కొని పక్కపక్కన పెట్టి చూసిన. ఒరిజినల్ కి రబ్బర్ గ్యాస్కెట్ గాడిలో బిర్రుగా కూర్చుంది, నా దానికి తలకిందులు చేస్తే ఊడి కింద పడ్డది. థ్రెడ్ దగ్గర వేలు పెడితే సన్న ఇనుప పొట్టు అంటుకుంది. అంటే ఆ పొట్టు తిన్నగా ఇంజన్ల పోతది కదా! ఇంట్ల వంటకి వాడే త్రాసు మీద పెడితే బరువు కూడా తక్కువ వచ్చింది. ఆ రోజే పోయి వేసింది పీకించి కొత్తది వేయించిన, ఆయిల్ కూడా పారబోసిన, రెండోసారి మొత్తం ఖర్చు.

అందుకే డీలర్ పార్ట్స్ కౌంటర్ లో గానీ, బిల్లు ఇచ్చే డిస్ట్రిబ్యూటర్ దగ్గర గానీ కొను. బిల్లు ఇవ్వను అంటే అక్కడ కొనకు. డబ్బా మీద నంబరు, డబ్బా లోపల ఫిల్టర్ ఒంటి మీద నంబరు రెండూ కలవాలె, హోలోగ్రామ్ ఉంటే గోటితో గీకి చూడు.

ఆటోనగర్_షెడ్డు

బెజవాడ తమ్ముడూ, మనం ఒక ఊరివాళ్ళమే. ఆటోనగర్ లో ఇరవై రెండేళ్ళుగా ఇదే పని చేస్తున్నా కాబట్టి కొంచెం వివరంగా రాస్తా, ఓపిగ్గా చదువు.

ముందు డిప్ స్టిక్ తీసి ఆయిల్ లెవల్ చూడు. పొద్దున్నే, బండి సమంగా ఉన్నచోట, స్టార్ట్ చెయ్యకముందు. లెవల్ తక్కువ ఉంటే ఫిల్టర్ గురించి మాట్లాడుకోవడం దండగ, ముందు అది ఎక్కడికి పోతోందో చూడాలి. లెవల్ బాగుంటే అప్పుడు ఫిల్టర్ మీద అనుమానం పెట్టుకోవచ్చు.

ఎందుకంటే ఫిల్టర్ అంటే ఒట్టి కాగితం కాదు. ఆ రేకు డబ్బాలో మూడు పనులు జరుగుతాయి. కాగితం మురికి పట్టడం ఒకటి. రెండోది చుట్టూ ఉన్న బెజ్జాల దగ్గర లోపలి వైపు పల్చటి రబ్బర్ రేకు ఉంటుంది, బండి ఆపినాక ఫిల్టర్ లో ఉన్న ఆయిల్ వెనక్కి కారి కిందకి పోకుండా ఆపేది అదే. ఆ రబ్బరు మంచిది కాకపోతే వేడికి నాలుగు నెలల్లో అట్టముక్క లాగా గట్టిపడుతుంది, రాత్రంతా ఆయిల్ కిందకి దిగిపోతుంది, పొద్దున్నే పంపు మొదట ఖాళీ ఫిల్టర్ నింపుకుని అప్పుడు పైకి పంపాలి, ఆ ఒకటి రెండు సెకన్లు పైన ఆయిల్ లేకుండా తిరుగుతుంది. నువ్వు చెప్పిన టకటక, లైట్ లేటుగా పోవడం దీనికి సరిపోతాయి. మంచి కంపెనీలు చాలావాటికి సిలికాన్ రబ్బరు వేస్తారు, అది వేడికి మెత్తగానే ఉంటుంది. (ఫిల్టర్ నోరు పైకి ఉండేలా నిటారుగా బిగించే బండ్లలో ఈ రబ్బర్ తో అంత అవసరం పడదు, అడ్డంగా గానీ తలకిందులుగా గానీ ఉంటేనే దీని విలువ తెలుస్తుంది.)

మూడోది బైపాస్ వాల్వు. కాగితం పూడుకుపోయినా, చల్లటి పొద్దున ఆయిల్ మరీ చిక్కగా ఉన్నా ఇంజన్ కి ఆయిల్ ఆగిపోకుండా ఈ స్ప్రింగు వాల్వు తెరుచుకుని వడకట్టని ఆయిల్ నే పంపిస్తుంది. మురికి ఆయిల్ అయినా ఆయిల్ లేకపోవడం కన్నా నయం కదా. ఆ స్ప్రింగు ఎంత ప్రెషర్ కి తెరుచుకోవాలన్నది ఒక్కో ఇంజన్ కి ఒక్కోలాగా పెడతారు. అందుకే "థ్రెడ్ పట్టింది కదా, సరిపోద్ది" అని వేరే బండి ఫిల్టర్ బిగించకూడదు. థ్రెడ్ ఒకటే అయినా లోపల లెక్క వేరే.

నేను తీసిన ఫిల్టర్లు అప్పుడప్పుడు కోసి చూస్తుంటా. పోయిన నెల రెండు పక్కపక్కనే యాక్సా బ్లేడుతో కోశాను, ఒకటి కంపెనీది, ఒకటి పేరూ ఊరూ లేనిది. కంపెనీ దాంట్లో కాగితం మడతలు దువ్వెన పళ్ళలాగా వరసగా, దగ్గర దగ్గరగా ఉన్నాయి, రెండు చివర్లా గట్టిగా అతికించి ఉంది. రెండోదాంట్లో మడతలు సగమే ఉన్నాయి, ఒకచోట రెండు మడతల మధ్య నా చిటికెన వేలు పట్టింది, అంచున జిగురు వదిలేసి కాగితం లేచి ఉంది. అలా లేచినచోట నుంచి ఆయిల్ వడపోత లేకుండానే పోతుంది, ఎన్ని వేలు పెట్టి సింథటిక్ ఆయిల్ పోసినా ఏం లాభం. ఇంకోమాట, బ్లేడుతో కోస్తే దాని పొడి లోపల పడుతుంది, అది చూసి ఇంజన్ అరిగిపోయిందని కంగారు పడొద్దు.

ఇక బ్రాండ్ అంటావా, నువ్వు రాసినవన్నీ పేరున్నవే. మాలే, మాన్, బాష్ జర్మనీ కంపెనీలు, ఎలోఫిక్ మన ఫరీదాబాద్ ది. ఇలాంటివాళ్ళు కార్ల కంపెనీలకీ సరుకు ఇస్తారు. ఒరిజినల్ అయితే ఏదైనా వేసుకో, నీ బండి మోడల్ కి వాళ్ళ కేటలాగ్ లో ఏ నంబరు ఉందో అదే వేసుకో. నన్ను అడిగితే మాత్రం మారుతీదే, రేటు తక్కువ, నంబరు తప్పుపోయే బాధ లేదు.

అవునూ, ఆయిల్ ఏ గ్రేడు (అంటే ఎంత చిక్కటిది) పోశారు? మాన్యువల్ లో చెప్పింది కాకుండా ఇరవై ఫార్టీ (20W-40) లాంటి చిక్కటిది పోసినా పొద్దున్నే ఇదే తంతు ఉంటుంది.

పాత_డ్రైవర్

ఇంత హడావిడి అక్కర్లేదండి. మా నాన్నగారు అంబాసిడర్ ఇరవై ఏళ్ళు నడిపారు, రెండుసార్లు ఆయిల్ మారిస్తే ఒకసారి ఫిల్టర్ మార్చేవారు, ఇంజన్ ఒక్కసారి కూడా విప్పలేదు. ఇప్పుడు అందరూ అనవసరంగా భయపెడుతున్నారు.

ఆటోనగర్_షెడ్డు

పెద్దవారు, మీ నాన్నగారి మీద గౌరవంతోనే చెప్తున్నానండి. ఆ రోజుల్లో ఆయిల్ చాలా తొందరగా మార్చేవాళ్ళు, ఇప్పుడు పదివేల కిలోమీటర్లు లేదా ఏడాది అంటున్నారు, అంటే ఆ ఫిల్టర్ ఒక్కటే అంత దూరం మోయాలి. ఇంకో సంగతి, పాత ఫిల్టర్ వదిలేస్తే దాంట్లో పావు లీటరు దాకా నల్లటి ఆయిల్ అలాగే ఉండిపోతుంది, కొత్త ఆయిల్ పోసిన నిమిషంలోనే కలిసిపోతుంది. స్నానం చేసి మాసిన బట్టలే మళ్ళీ కట్టుకున్నట్టు. ఆయిల్ తో పాటు ఫిల్టర్ మార్చాల్సిందే.

కరీంనగర్_డీజిల్

నాది స్విఫ్ట్ డీజిల్, 1.3 ఇంజన్, ఫియట్ వాళ్ళది. దాంట్లో రేకు డబ్బా ఉండదు, ప్లాస్టిక్ మూత తీసి లోపల కాగితం కాట్రిడ్జ్ ఒక్కటే మార్చాలి. డీజిల్ వాళ్ళు కూడా ఇది చదువుతారని రాస్తున్న.

లక్షా ఇరవై వేల దగ్గర ఒక షెడ్డుల సర్వీస్ చేయించిన. కాట్రిడ్జ్ కొత్తదే వేసిండు, కానీ డబ్బాల దానితో పాటు వచ్చిన ఓ-రింగు (మూత దగ్గర నూనె కారకుండ ఆపే గుండ్రటి రబ్బర్ రింగు) మార్చలేదు, మూతకున్న పాతదే ఉంచిండు. నాలుగొందల కిలోమీటర్ల తర్వాత పార్కింగ్ ల నూనె మరక కనబడ్డది. వంగి చూస్తే కింద గార్డు మొత్తం తడి. మూత తీయించి చూస్తే ఓ-రింగు పగిలి రెండు చోట్ల బీటలు వారింది. అది రూపాయల్లో వచ్చే రింగు, కొత్తది డబ్బాల అట్లనే పడేసి పోయిండు! ఇంకొంచెం ఆగితే ఇంజనే పోతుండె. ఇంకా ఘోరం ఏందంటే అప్పుడు తీసిన కాట్రిడ్జ్ నడుమ లోపలికి సొట్ట పడి ఉంది, నాలుగొందల కిలోమీటర్లకే. కాగితం అంత మెత్తగున్నది, చేత్తో నొక్కితే అప్పడం లెక్క వంగింది.

అప్పటి సంది నేను పక్కన నిలబడి మూడు చూస్త, ఓ-రింగు కొత్తదేనా, డ్రైన్ బోల్ట్ వాచర్ కొత్తదేనా, మూత చేత్తో మొదలుపెట్టి తిప్పుతున్నడా లేక డైరెక్ట్ గా స్పానర్ పెడ్తున్నడా. ఈ ఇంజన్ల టైమింగ్ చైన్ (వాల్వులు సరైన టైముకి తెరుచుకునేటట్టు తిప్పే చైన్) ఉంటది, దాన్ని బిగుతుగ పట్టి ఉంచే టెన్షనర్ ఆయిల్ ప్రెషర్ మీదనే నడుస్తది, ఆయిల్ సంగతి పట్టించుకోకుంటే చైన్ సాగి పెద్ద ఖర్చు పెడ్తది.

డల్లాస్_తెలుగోడు

నేను ఇక్కడ టెక్సాస్ లో మా గరాజ్ లోనే కరోలాకి ఆయిల్ మార్చుకుంటా. ఇక్కడ విక్స్, ప్యూరోలేటర్, ఫ్రామ్, మోబిల్ వన్ బోలెడు దొరుకుతాయి, అయినా నేను టయోటా డీలర్ దగ్గర టయోటాదే కొంటా. ఆటోనగర్ అన్న చెప్పినదాంతో పూర్తిగా ఏకీభవిస్తున్నా.

ప్యూరోలేటర్ పేరు చూస్తే సరదా విషయం ఒకటి గుర్తొచ్చింది, 1923 లో అమెరికాలో కార్లకి మొదట వచ్చిన ఆయిల్ ఫిల్టర్ ఇదే, ప్యూర్ ఆయిల్ లేటర్ అన్న మూడు మాటలు కలిపి పెట్టిన పేరు. అంతకుముందు కార్లకి ఫిల్టరే సరిగ్గా లేదు, ఆయిల్ ఊరికే మారుస్తూ ఉండేవాళ్ళు.

ఫిల్టర్లని పోల్చాలంటే ఐఎస్ఓ 4548-12 అని ఒక టెస్ట్ ఉంది, ఎన్ని మైక్రాన్ల (మైక్రాన్ అంటే మిల్లీమీటర్ లో వెయ్యో వంతు) దుమ్ముని ఎంత శాతం పడుతుందో దాంట్లో తేలుతుంది. "99 శాతం" అని ఒక్క అంకె వేసి ఎన్ని మైక్రాన్ల దగ్గరో చెప్పకపోతే ఆ అంకెకి అర్థం లేదు. మనిషి వెంట్రుక సుమారు 70 మైక్రాన్లు, ఇంజన్ బేరింగుల్ని గీకేసే దుమ్ము దానికంటే చాలా సన్నం, కంటికి కనపడదు.

వారంటీ ఉన్న కొత్త కార్ల వాళ్ళకి ఒక మాట, ఇక్కడ 1975 నుంచి మాగ్నసన్ మాస్ చట్టం ఉంది, బయట ఫిల్టర్ వేశావు కాబట్టి వారంటీ లేదు అని కంపెనీ ఊరికే అనకూడదు. అది ఇక్కడి చట్టం, అక్కడికి పనికిరాదు. మీరు వారంటీ బుక్ లో ఏం రాసుందో చూసుకునే బయట చేయించండి.

బెజవాడ_స్విఫ్ట్

అందరికీ చాలా చాలా థాంక్స్, ఇంత ఓపిగ్గా రాస్తారనుకోలేదు. ఏం జరిగిందో చెప్తా.

ఆదివారం పొద్దున్నే డిప్ స్టిక్ చూశా, లెవల్ బానే ఉంది, ఆయిల్ గ్రేడు కూడా మాన్యువల్ లో ఉన్నదే. తర్వాతి రోజు డీలర్ పార్ట్స్ కౌంటర్ కి వెళ్ళి ఆర్సీ చూపించి మారుతీ ఫిల్టర్, డ్రైన్ బోల్ట్ వాచర్ తీసుకున్నా, బిల్లు ఇచ్చారు. షెడ్డులో నేను పక్కనే నిలబడి మార్పించా. ఆయిల్ రెండు వేలే తిరిగింది అయినా అదీ మార్చేశా, అనుమానంతో తిరగడం ఎందుకని.

పాత ఫిల్టర్ మీద పేరే లేదు, ఒట్టి నల్ల రంగు. మెకానిక్ ని బతిమాలి కోయించా. ఆటోనగర్ అన్న చెప్పిన రబ్బర్ రేకు చూశా అన్నా, వేలితో వంచితే వంగట్లేదు, పెళుసుగా ఉంది, ఒక పక్క అంచు లేచిపోయి వెలుతురు కనపడుతోంది. ఆ మెకానిక్ కూడా చూసి కాసేపు ఏమీ మాట్లాడలేదు, తర్వాత ఆ షాపు నుంచి ఇక తెప్పించను అన్నాడు.

ఇప్పటికి నాలుగు పొద్దులు చూశా, ఆయిల్ లైట్ మునుపటిలా వెంటనే పోతోంది. సౌండ్ చాలావరకు తగ్గింది, కానీ ఒక రోజు మాత్రం చిన్నగా ఒక్క టక్ వినపడింది. ఇంకా భయపడాలా?

ఇంకో డౌట్, కొత్త ఫిల్టర్ వాడు చేత్తోనే బిగించాడు, స్పానర్ పెట్టలేదు, లూజు అవుతుందేమో అని అనుమానంగా ఉంది.

ఆటోనగర్_షెడ్డు

చేత్తో బిగించడమే పద్ధతి తమ్ముడూ. గ్యాస్కెట్ కి కొత్త ఆయిల్ రాసి, తగిలాక ఇంకో ముప్పావు చుట్టు తిప్పితే చాలు, స్పానర్ తో బిగిస్తే గ్యాస్కెట్ నలిగి లీకవుతుంది, మళ్ళీ తీసేటప్పుడు రాదు. ఒక్కటి మాత్రం అడుగు, పాత గ్యాస్కెట్ ఫిల్టర్ తో పాటు ఊడి వచ్చిందా అని. ఒక్కోసారి అది ఇంజన్ కే అతుక్కుపోతుంది, చూడకుండా దాని మీద కొత్తది బిగిస్తే రెండు గ్యాస్కెట్లు అయ్యి రోడ్డు మీద మొత్తం ఆయిల్ చిమ్మేస్తుంది. కోసిన పాత ఫిల్టర్ నీ దగ్గరే ఉంది కదా, దాని నోటి చుట్టూ రబ్బరు ఉందో లేదో చూడు.

ఆ ఒక్క టక్ కి ఇప్పుడే కంగారు వద్దు, ఓ రెండు వారాలు గమనించు. రోజూ వస్తుంటే నా దగ్గరికి తీసుకురా, చైన్ టెన్షనర్ చెక్ చేద్దాం, నీ ఇంజన్ కి కూడా చైనే. ఫిల్టర్ ఒంటి మీద మార్కర్ తో తేదీ, కిలోమీటర్లు రాయించు.

బెజవాడ_స్విఫ్ట్

ఇప్పుడే సంచీలోంచి తీసి చూశా అన్నా, పాతదాని గ్యాస్కెట్ దాంతోనే ఉంది. హమ్మయ్య. ఈ శనివారం అమలాపురం వెళ్ళేముందు ఒకసారి కింద అట్ట పరిచి రాత్రంతా ఉంచి చూస్తా, చుక్క పడకపోతే బయల్దేరతాం. మార్కర్ తో రాయడం రేపే చేస్తా.