ఎన్నియాగ్రామ్‌లో నేను 2నా 9నా? కాస్త చెప్పండి ప్లీజ్

మనుషుల స్వభావాల్ని 9 టైపులుగా విడదీసే ఎన్నియాగ్రామ్‌లో నాది 2నో (అందరికీ సాయపడే టైపు) 9నో (గొడవలొద్దనుకునే టైపు) తేలట్లేదండి, టెస్ట్ రాసిన ప్రతిసారీ ఒక్కోటి వస్తోంది. చేసే పని కాదు, దాని వెనకున్న భయం చూడాలంటారు కదా, 2 వాళ్లకేమో నన్నెవరూ ప్రేమించరేమో అని, 9 వాళ్లకేమో గొడవై అందరూ దూరమైపోతారేమో అని. మొన్న మా పిన్నివాళ్ల అమ్మాయి పెళ్లిలో పొద్దుట్నుంచి వడ్డనలోనే ఉన్నా, ఎవరూ అడగలేదు, నేనే దూరా. తీరా ఫ్యామిలీ ఫోటోకి నన్ను పిలవడం మర్చిపోయారు. పైకి పర్లేదులే అని నవ్వేశా గానీ ఇంటికొచ్చాక ఇంత చేస్తే ఇదా అని రాత్రంతా కుమిలిపోయా. ఈ లెక్కలు కట్టుకోవడం 2 బుద్ధే అనిపిస్తోంది, కానీ నోరు విప్పకుండా మింగేయడం 9 కదా? మీరెలా తేల్చుకున్నారు? టెస్ట్ లింకులు మాత్రం పెట్టొద్దు, ఇప్పటికే చాలా రాసేశా.