సమస్యాపూరణం: కుస్తి రాని వస్తాదుకు కోటి నుతులు

నిర్వాహకుడు: ఈ వారం సమస్య తేటగీతి ఛందస్సులో చివరి పాదం. పై మూడు పాదాలు మీరు పూరించాలి. మన ఊళ్లలో వస్తాదంటే తాలింఖానాలో కుస్తీ నేర్పే గురువు. ఆ మాటకు మూలమైన ‘ఉస్తాద్’ హిందుస్తానీ సంగీతంలో ముస్లిం విద్వాంసులకు గౌరవ బిరుదు. హిందూ విద్వాంసులైతే ‘పండిట్’. వ్యాకరణం ప్రకారం ‘వస్తాదునకు’ అనాలి. వాడుక రూపం కావాలనే ఇచ్చాను.

సన్నాయి:
తే.గీ.
గంగ యొడ్డున షెహనాయి గానమూది
కాశి విశ్వేశుఁ గొలిచిన ఖానుగారు
భరతరత్నమై వెలిగిన భవ్యగుణుఁడు
కుస్తి రాని వస్తాదుకు కోటి నుతులు.

నిర్వాహకుడు: బిస్మిల్లా ఖాన్‌ను తలచుకున్నందుకు సంతోషం. యతులు సరిపోయాయి. అన్వయమే తెగింది: ‘ఖానుగారు’ ప్రథమలో ఉంటే ‘వస్తాదుకు’ చతుర్థిలో ఉంది. ‘భవ్యగుణుఁడు’ ఎవరికైనా అతుకుతుంది. 2001లో భారతరత్న వచ్చినా ఆయన కాశీ వదల్లేదు. అక్కడి బాలాజీ గుడిలో సాధన చేసిన మనిషి. ఆ సంగతి పద్యంలోకి రావాలి. నడిమి పాదాలు ఇలా మార్చి చూడండి:

కాశి విశ్వేశు ముంగిటఁ గాలు నిలిపి
భరతరత్నమై బాలాజి పంచ విడని

సన్నాయి: ‘పంచ విడని’ నేరుగా వస్తాదుకు తగిలింది! స్వీకరించానండి.

తంత్రి:
తే.గీ.
పండితుం డంచు లోకము ప్రస్తుతించు
రవికి మైహారు గురువైన రాగఋషికి
వాద్యములు పెక్కు నేర్చిన వంగమణికి
కుస్తి రాని వస్తాదుకు కోటి నుతులు.

నిర్వాహకుడు: పండిట్‌కు ఉస్తాద్ గురువు! సితార్ పండిట్ రవిశంకర్, ఆయన గురువు ఉస్తాద్ అల్లావుద్దీన్ ఖాన్‌ల జంటతో రెండు బిరుదులూ ఒకే పద్యంలో కలిశాయి. ‘రాగఋషి’కి గుణసంధి చేస్తే ‘రాగర్షి’ అయి గణం పోతుంది. ‘రాగనిధికి’ అనండి. గురువు పేరు పలికేటప్పుడు చెవి తాకడం ఆ విద్వాంసుల మర్యాద. దాని మీద ఇంకో పద్యం రాయండి.

భాగ్యనగరి:
తే.గీ.
మల్లుఁ డని తోఁచు మీసాల మాటునుండి
తేనె తుంపరై ఠుమ్రీల తీపిఁ బంచి
భాగ్యనగరాన నొరిగిన పాటదొరకు
కుస్తి రాని వస్తాదుకు కోటి నుతులు.

నిర్వాహకుడు: చదవగానే కళ్లు చెమర్చాయి. హిందుస్తానీ గాయకుడు బడే గులాం అలీ ఖాన్ 1968లో మన బషీర్‌బాగ్ ప్యాలెస్‌లోనే కన్నుమూశారు. ఆ బుర్రమీసం, ఆ భారీ విగ్రహం చూస్తే ఎవరైనా మల్లుడనే అనుకుంటారు. నోరు తెరిస్తే ఠుమ్రీ అనే లలితమైన హిందుస్తానీ పాట. సమస్యలోని విరోధాన్ని మనిషి రూపంలోనే చూపించారు. ఒక్క అక్షరం ముట్టుకోను.

తంత్రి: అందరూ మగవాళ్లే అయ్యారు. ‘విదుషి’ అనిపించుకున్నవాళ్ల మాటేమిటండీ? ‘సుర్‌శ్రీ’ కేసర్‌బాయి కేర్కర్ పాడిన భైరవి రాగం 1977లో నాసా వాయేజర్ నౌకల్లో అంతరిక్షానికి వెళ్లింది కదా.

నిర్వాహకుడు: న్యాయమైన మాట. అయితే వచ్చే వారం సమస్య ఆవిడ కోసమే, ఆటవెలదిలో:

పాట నింగి దాటి పయనమయ్యె