జపాన్ వంటల కార్యక్రమం: విద్యార్థుల చేత ఏం చేయించవచ్చు?

ప్రశ్న: మా కళాశాల జపాన్ సంస్కృతి సంఘం తరఫున 40 మందికి రెండు గంటల వంట కార్యక్రమం పెట్టదలిచాం. గదిలో పొయ్యి వెలిగించడానికి అనుమతి లేదు, పైగా సగం మంది శాకాహారులు. ప్రతి ఒక్కరూ స్వయంగా చేయగలిగే వంటకం సూచించగలరా?

జవాబు 1: ఒనిగిరి (జపాన్ అన్నపు ముద్ద) చేయించండి. అన్నం ఇంట్లో వండి హాట్‌ప్యాక్‌లో తీసుకువెళ్లవచ్చు. సోనా మసూరి వద్దు, మెతుకులు విడిపోతాయి. పొట్టి గింజల జపాన్ బియ్యమే కావాలి. అరచేతులు తడిచేసుకొని, చిటికెడు ఉప్పు రాసుకొని, వేడి అన్నం మధ్యలో ఉమెబోషి (ఉప్పులో ఊరవేసిన పుల్లటి జపాన్ పండు) పెట్టి, పిసకకుండా తిప్పుతూ మృదువుగా నొక్కితే త్రికోణాకారం వస్తుంది. నోరీని (సముద్రపు నాచుతో చేసిన పల్చటి ఎండు రేకును) తినే ముందే చుట్టాలి, లేకపోతే మెత్తబడి సాగుతుంది. (ఉమెబోషి దొరకనప్పుడు నేను మాగాయ ముక్క పెట్టాను; జపాన్‌వారు ఏమంటారో గానీ, మా పిల్లలు రెండోది అడిగారు.)

జవాబు 2: కీర దోసకాయ ముక్కను అన్నంతో కలిపి నోరీలో చుట్టే కప్పామాకి కూడా బాగుంటుంది. వెనిగర్, పంచదార, ఉప్పు కలిపిన ద్రవాన్ని అన్నం వేడిగా ఉన్నప్పుడే చల్లి, గరిటెతో కోసినట్లు కలపాలి. నోరీ మెరిసే వైపు కిందికి ఉంచి, అవతలి అంచున కొంత ఖాళీ వదిలి చుట్టాలి. ముక్కలు కోసే ప్రతిసారీ కత్తి తడపాలి. మిసో సూప్ (పులియబెట్టిన సోయా ముద్దతో చేసే చారు) పెట్టదలిస్తే జాగ్రత్త: అందులో మూలంగా వాడే దాషీ అనే రసాన్ని చాలాసార్లు ఎండు చేపతో కాస్తారు. కొంబు అనే సముద్రపు నాచు, ఎండు షీటాకే పుట్టగొడుగులు నానబెట్టిన నీటితో చేసినదైతే శాకాహారులకు ఇబ్బంది ఉండదు.

ప్రశ్న అడిగినవారు: ధన్యవాదాలండీ. దాషీ సంగతి మాకు తట్టనే లేదు. మొదట ఒనిగిరి, సమయం మిగిలితే కప్పామాకి చేయిస్తాం.