ఎవర్‌గ్లేడ్స్ ఛాలెంజ్: చిన్న తెరచాప పడవలో ఒంటరిగా వెళ్లేవారు నిద్రను, వేగాన్ని ఎలా లెక్క వేసుకోవాలి?

ప్రశ్న:
ఫ్లోరిడా పశ్చిమ తీరం వెంబడి, టాంపా బే ముఖద్వారంలోని ఫోర్ట్ డి సోటో నుంచి కీ లార్గో వరకు సాగే ఎవర్‌గ్లేడ్స్ ఛాలెంజ్ అనే చిన్న పడవల పోటీలో 5 మీటర్ల పొడవున్న, డెక్ లేని తెరచాప పడవతో ఒంటరిగా పాల్గొనాలని సంకల్పించాను. దూరం సుమారు 300 మైళ్లు (దాదాపు 480 కిలోమీటర్లు), గడువు 8 రోజులు. అంటే రోజుకు దాదాపు 60 కిలోమీటర్లు. నా పడవ సగటు వేగం 3 నాట్లు (గంటకు సుమారు 5.5 కిలోమీటర్లు) కనుక రోజుకు 11 గంటలు నడిపితే సరిపోతుందని కాగితం మీద తేలుతోంది. ఈ లెక్కను ఎంతవరకు నమ్మవచ్చు? రాత్రులు కూడా ప్రయాణించాలా, లేక ఎక్కడో ఒకచోట లంగరు వేసి నిద్రపోవాలా? అనుభవమున్నవారు దయచేసి వివరంగా చెప్పగలరు.

మొదటి సమాధానం:
మీ లెక్క గాలి అనుకూలంగా ఉన్న రోజుకు మాత్రమే వర్తిస్తుంది. ఎదురుగాలి వీచినప్పుడు పడవ ఏటవాలుగా అటూ ఇటూ మలుపులు తీసుకుంటూ వెళ్లాలి. గాలికి 45 డిగ్రీల కోణంలో వెళ్లగలిగినా దూరం 1.4 రెట్లవుతుంది, చిన్న పడవలు చాలావరకు అంత దగ్గరగా వెళ్లలేవు. అప్పుడు మీ 11 గంటలు 16 గంటలు దాటుతాయి. అందువల్ల రోజువారీ సగటును పట్టుకుని వేలాడకుండా, వాతావరణం ఇచ్చే అవకాశాలను బట్టి ప్రణాళిక వేసుకోవడం మంచిదని నా గట్టి అభిప్రాయం.

పోటీ జరిగే మార్చిలో అక్కడ చల్లగాలుల ప్రవాహాలు తరచుగా వస్తుంటాయి. అలాంటి చల్లగాలి ప్రవాహం దగ్గరపడుతున్నప్పుడు గాలి దక్షిణం నుంచి, నైరుతి నుంచి వీస్తుంది, అంటే మీకు ఎదురుగా. అది దాటిపోయిన తరువాత వాయవ్యానికి, ఉత్తరానికి తిరుగుతుంది, అంటే మీ వెనుక నుంచి. ఎదురుగాలి వీచే గంటల్లో నిద్రపోయి, ఉత్తరపు గాలి కాస్త నెమ్మదించగానే పగలైనా రాత్రైనా బయలుదేరేవారు తక్కువ శ్రమతో ఎక్కువ దూరం వెళ్తారు. నెమ్మదించగానే అన్న మాటను దయచేసి గుర్తుంచుకోండి. 2015లో ఆరంభమైన రోజునే బలమైన గాలికి టాంపా బే ప్రాంతంలో పలు పడవలు బోల్తా పడగా, పాల్గొన్నవారిని రక్షించిన కోస్ట్ గార్డ్ ఆ పోటీనే నిలిపివేయించింది.

రెండవ సమాధానం:
పై సమాధానంతో చాలావరకు ఏకీభవిస్తున్నాను, కానీ రాత్రి ప్రయాణం విషయంలో ఒక హద్దు గీయాలి. తెరిచి ఉన్న తీరం వెంబడి, ఒడ్డుకు తగినంత దూరంలో రాత్రి నడపడం ఫరవాలేదు. కానీ సముద్రానికీ లోపలి జలాలకూ మధ్యనున్న పాస్‌లను, అంటే సన్నని జలమార్గాలను, చీకట్లో దాటకండి. ఉదాహరణకు బోకా గ్రాండే పాస్ వద్ద ఆటు నీరు షార్లెట్ హార్బర్ అనే ఖాతం నుంచి వేగంగా బయటకు వస్తుంటే, సముద్రం వైపు నుంచి వీచే గాలి దానికి ఎదురు నిలిచి అలలను పొట్టిగా, నిటారుగా లేపుతుంది. ఆ అలలు చీకట్లో కంటికి ఆనవు. వినబడేసరికి వాటి మధ్యలో ఉంటారు.

దారిలోని చొకొలోస్కీ తనిఖీ కేంద్రానికి పోటు సమయంలో చేరుకునేలా చూసుకోండి. ఆటు సమయంలో చుట్టూ బురద బయటపడుతుంది, పడవ అందులో కూరుకుంటే దిగి నెట్టేందుకు కాలు నిలవదు. చివరి తనిఖీ కేంద్రమైన ఫ్లెమింగో దాటాక ఫ్లోరిడా బే సగటు లోతు ఒక మీటరే కనుక అక్కడ కూడా బురద మెట్టల మధ్యనున్న సన్నని కాలువలను పగటి వెలుతురులోనే వెతుక్కోవాలి. నిద్రకు మడ అడవుల చాటున, గాలి తగలనివైపు లంగరు వేయండి. నీరు తగ్గినప్పుడు పడవ కింద ఎంత లోతు మిగులుతుందో ముందే చూసుకోండి.

మూడవ సమాధానం:
నిద్ర కంటే ముందు మీ పడవ బరువు గురించి ఆలోచించండి. ఆరంభంలో పడవను పోటు గీతకు పైనున్న ఇసుక నుంచి, వెంట తీసుకెళ్లే సామగ్రితోనే, ఇతరుల సాయం లేకుండా నీటిలోకి దింపాలి. ఒంటరివారు గాలి నింపిన రోలర్లపై దొర్లించుకుంటూ దించుతారు. దీన్ని ఇంటి దగ్గరే నిండు సామానుతో సాధన చేయండి.

అలాగే నిండు సామానుతోనే పడవను బోల్తా కొట్టించి, మళ్లీ నిలబెట్టి, నీరు తోడిపోసి చూడండి. ఖాళీ పడవతో చేసిన సాధన అక్కరకు రాదు, సంచులు సరిగా కట్టకపోతే అవే పడవను లేవనివ్వవు. తెరచాపను తగ్గించే తాడును కూర్చున్న చోటు నుంచే లాగే వీలుండాలి. నీళ్లలో నాని, చలికి వేళ్లు కొంకర్లు పోయినప్పుడు చిన్న ముడి కూడా విప్పలేరు, కనుక తెరచాప స్తంభం దగ్గరకు వెళ్లి కట్టాల్సిన ఏర్పాటును పెట్టుకోకండి. అత్యవసర ఉపగ్రహ సంకేత పరికరాన్ని, వీహెచ్‌ఎఫ్ రేడియోను పడవకు కాకుండా లైఫ్ జాకెట్‌కే కట్టుకోండి. పడవ చేజారిపోయినా అత్యవసర పిలుపులకు వాడే 16వ ఛానెల్‌లో సాయం కోసం పిలవగలుగుతారు.

ప్రశ్న అడిగినవారు:
అందరికీ కృతజ్ఞతలు. రోజువారీ లెక్కను వదిలేసి, మూడు తనిఖీ కేంద్రాలకూ ఆటుపోట్ల వేళలను ముందుంచుకుని ప్రణాళికను మళ్లీ రాస్తున్నాను. తెరచాప తాడును వెనుకకు తెచ్చే ఏర్పాటు ఈ వారమే మొదలుపెడతాను. చివరగా ఒక సందేహం: ఫ్లెమింగో నుంచి కీ లార్గోకు ఎదురుగాలి ఉంటే, లోతు అంత తక్కువ నీటిలో మలుపులు తీసుకోవడానికి చోటు దొరుకుతుందా, లేక తెడ్లనే నమ్ముకోవాలా?

రెండవ సమాధానమిచ్చినవారు:
కాలువల్లో చోటు దొరకదు. అక్కడ తెరచాప దించి తెడ్లు వేయడమే మార్గం, లేదా అడుగున బురదకు ఊతపు కర్రను ఆన్చి నెట్టుకుంటూ పోవాలి. కాలువ దాటి విశాలమైన నీటిలోకి రాగానే మళ్లీ తెరచాప ఎత్తవచ్చు.