కాసల్స్ 'ఎల్ పెసెబ్రె' కోరస్ స్కోరు (స్వరాలు రాసిన పుస్తకం) ఎక్కడ దొరుకుతుంది?

అందరికీ నమస్తే. చెల్లో విద్వాంసుడు పాబ్లో కాసల్స్ స్వరపరిచిన క్రిస్మస్ ఒరటోరియో (గాయకులు, కోరస్, ఆర్కెస్ట్రా కలిసి వినిపించే పెద్ద గానరచన) 'ఎల్ పెసెబ్రె'లోని ఆఖరి స్తుతిగీతం 'గ్లోరియా'ను ఈ డిసెంబరులో మా చర్చి క్వయర్‌తో పాడించాలని ఉంది. స్పెయిన్ అంతర్యుద్ధం తర్వాత ఫ్రాన్స్‌లోని ప్రాడ్‌లో తలదాచుకున్న రోజుల్లో, 1943లో ఆయన దీన్ని మొదలుపెట్టారు. మాటలు జువాన్ అలవెద్రా కాటలాన్ భాషలో రాసిన కవితవి. మొదటి ప్రదర్శన 1960లో, మెక్సికోలోని అకపుల్కోలో. భూమ్మీద శాంతి కావాలని కోరస్ అంతా గొంతు కలిపే ఆ ముగింపు విన్నప్పుడల్లా ఒళ్లు పులకరిస్తుంది.

మాకు ఆర్కెస్ట్రా లేదు, పియానో ఒక్కటే. ఉచిత స్కోర్ల సైట్లలో దొరకలేదు. కాసల్స్ పోయింది 1973లో కాబట్టి కాపీరైట్ ఇంకా ఉంది. రికార్డింగ్ వేగం 75 శాతానికి తగ్గించి, ఈక్వలైజర్‌లో బేస్ బాగా దించి, హెడ్‌ఫోన్స్‌తో విని రాసుకున్నాను. సోప్రానో (స్త్రీల పై గొంతు), బాస్ (పురుషుల కింది గొంతు) వరసలు దొరికాయి. మధ్య గొంతులైన ఆల్టో, టెనార్ మాత్రం ఆర్కెస్ట్రా హోరులో కలిసిపోతున్నాయి. ఇలాంటి రచనలో స్వరాలు ఊహించి రాయడం నాకిష్టం లేదు. హైదరాబాద్, చెన్నై సంగీత దుకాణాల్లో అడిగితే ఆ పేరే వినలేదన్నారు.

పియానోతో పాడుకోవడానికి వీలైన ఈ 'గ్లోరియా' కోరస్ స్కోరు, ఇండియా నుంచి కొనడానికి గానీ అద్దెకు గానీ ఎక్కడ దొరుకుతుందో ఎవరైనా చెప్పగలరా?